అడుగున్నర పెరిగిన గోడ

"నేను అబద్ధం రాయలేదత్తమ్మా! ఒక్క అంకె... ఒక్క అంకె కూడా అబద్ధం రాయలేదు!"

గుమ్మంలో చెప్పులైనా విడవకుండా, సరోజిని గోడకు చేరబడి కుప్పగా కూలిపోయింది. చంకలోని కాగితాల చుట్ట జారింది, దొర్లింది, వాకిట్లో ఆరబెట్టిన చింతపండు చాప దాకా పోయి ఆగింది. ముఖమంతా కన్నీళ్ళు! కన్నీళ్ళ మీద దుమ్ము! దుమ్ము మీద చెరిగిన కాటుక!

అత్తగారు వరహాలమ్మ చేటలో బియ్యం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "ఓలమ్మో! ఏటైందే పిల్లా? ఎవుడేటన్నాడు?"

"ఆచార్యులుగారు... నన్ను దొంగ లెక్కలు రాశావన్నారు..." అన్నది సరోజిని, వెక్కుతూనే.

పక్క క్వార్టరు పైడమ్మ అప్పటికే గోడ మీద గడ్డం ఆనించింది. "నే సెప్పలేదేటి వరాలొదినా! ఊరోళ్ళ ఇళ్ళు కొలిసే కోడలు! ఇయ్యాల కాపోతే రేపు ఏదో ముంచుకొస్తాదని!"

"నీ పొయ్యి మీద పాలు పొంగిపోతన్నాయి, పో!" అని వరహాలమ్మ గదిమింది. పొయ్యి మీద పాలు లేవని ఇద్దరికీ తెలుసు. అయినా పైడమ్మ వెళ్ళిపోయింది.

అది పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, కార్తీక మాసం. రాయ్‌పూర్ వ్యాగన్ షాపు కాలనీలో, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన ఆ రైల్వే కుటుంబంలో, కోడలు ఉద్యోగానికి వెళ్ళడమే ఒక వింత. ఆ ఉద్యోగమేమో అంతకన్నా వింత! పురానీ బస్తీలోని పాతకాలపు ఇళ్ళను, ఆ పెద్ద పెద్ద బాడాలను, కూలిపోకముందే గోడ గోడా కొలిచి, గుమ్మం గుమ్మం గీసి, కాగితం మీద నిలబెట్టాలని ఒక కళాశాలవారు, ఆచార్యులు తివారీగారి ఆధ్వర్యంలో, తలపెట్టారు. వీధి అరుగులూ బయటి చావళ్ళూ మగవాళ్ళు ఉక్కు టేపుతో కొలిచేశారు. కానీ లోపలి ఆడవాళ్ళ భాగంలోకి పరాయి మగవాడు అడుగు పెట్టరాదు! అందుకే ఇంటి పటం గీయడం తెలిసిన ఆడమనిషి కోసం వెతికారు. సరోజిని తండ్రి సూర్యారావు రైల్వే ఇంజనీరింగు ఆఫీసులో నక్షాలు గీసేవాడు. కూతురికి ఆస్తి ఇవ్వలేకపోయాడు, చేతి విద్య ఇచ్చాడు. పోతూ పోతూ తన తోలుపెట్టె నార టేపు ఇచ్చాడు. యాభై అడుగుల టేపు, ఇత్తడి పిడి, తిప్పితే పిట్ట కూసినట్టు కిర్రుమనే చప్పుడు...

భర్త వెంకటస్వామి గూడ్సు గార్డు. నెలలో సగం రోజులు లైను మీదే. "వెళ్ళు సరోజా, విద్య తుప్పు పట్టకూడదు" అన్నాడు. వరహాలమ్మ మాత్రం మూతి ముడిచింది. "కొలుసుకోడానికి మనింటికి గోడల్లేవేటి?" అన్నది మొదటి రోజు. రెండో రోజు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే సరోజినికి ఎక్కువ భయం!

ఆరు ఇళ్ళు ముగిశాయి. ఆరింటికీ మెప్పు వచ్చింది. ఏడవది మిశ్రాల బాడా. అన్నదమ్ములు పంచుకున్నారు, పౌర్ణమి దాటగానే విప్పేయబోతున్నారు. ఆ తర్వాత ఆ ఇల్లు ఉండేది సరోజిని గీసిన కాగితం మీదే. అలాంటి ఇంటి దగ్గరే తప్పు పట్టుబడింది!

"ముందు గోడ మగవాళ్ళు కొలిచారు, నలభై ఎనిమిది అడుగులు వచ్చింది. వెనక గోడ, వంటింటి వైపు, నేను కొలిచాను, నలభై తొమ్మిదిన్నర వచ్చింది. పక్క గోడలు తిన్నగా ఉన్న ఇంట్లో వెనక గోడ అడుగున్నర ఎలా పెరుగుతుందని అడిగారు. 'లోపలికి మేం రాలేమన్న ధైర్యంతో ఇంట్లో కూర్చుని అంకెలు వేసుకున్నావు. రేపటి నుంచి రావద్దు' అన్నారు. పదిమందిలో అన్నారత్తమ్మా! మా నాన్న... మా నాన్న చెయ్యి పట్టుకుని నేర్పిన విద్య..."

"పోన్లే. ఎల్లొద్దన్నాడు, ఎల్లకు. సుఖంగా ఇంట్లో ఉండు" అన్నది వరహాలమ్మ. అన్నదే గాని, చేటలోని బియ్యం చెరగలేదు. మెరిగలు బియ్యంలోనే ఉండిపోయాయి.

దీపాలు పెట్టే వేళకు సరోజిని నేల మీద ఏడు నక్షాలూ పరిచింది. ఒక్కొక్కటీ స్కేలుతో తడిమింది. "ఆరు ఇళ్ళూ సరిపోయాయి. దసరాకు ముందు కొలిచినవన్నీ సరిపోయాయి. దసరా తర్వాత మొదలుపెట్టిన ఈ ఒక్క ఇల్లే..." అని తనలో తాను గొణుక్కున్నది. "దసరా అంటే గుర్తొచ్చింది, అత్తమ్మా! మీరు మా నాన్న టేపును పూజలో పెట్టి, పెట్టెకు బొట్టు పెట్టారు చూశారూ... ఆ రోజు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను, తెలుసా? నా పనిని మీరు పని అనుకున్న మొదటి రోజు అది."

వరహాలమ్మ అన్నం వడ్డిస్తున్నది, పులుసు పోయడం మరిచిపోయింది. మజ్జిగ పోసింది, ఉప్పు మరిచిపోయింది. "దసరా తరవాతేనా?" అని ఒక్కసారి అడిగింది. "దసరా తర్వాతే" అన్నది సరోజిని. అంతే. ఆ పెద్ద మనిషి కంచం ముందు నుంచి లేచి, అటు తిరిగి పడుకుంది.

తెల్లవారింది. పొయ్యి రాజలేదు. వాకిలి ఊడవలేదు. అత్తగారు లేదు!

గూట్లో చూస్తే టేపు పెట్టె లేదు!

సరోజిని గూడంతా చేత్తో వెతికింది. ఈ టేపు వల్లే కదా ఇంటికి మాట వచ్చిందని, కోపంలో ఏ చెరువులోనో పారేసేందుకు తీసుకుపోయిందా? నాన్న టేపు! నాన్న చేతి చెమట ఇంకిన టేపు! జుట్టయినా ముడవకుండా పరుగెత్తింది.

"మీ అత్త రిక్షా ఎక్కి పురానీ బస్తీ పోతానంది. నాకూ సెప్పలేదు, రిక్షావోడికి సెప్తుంటే యిన్నాను" అని పైడమ్మ గోడ మీంచే అందించింది.

మిశ్రాల బాడా ముందు సరోజిని రిక్షా దిగేసరికి, చెక్కడపు స్తంభాల చావడిలో పదిమంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఆచార్యులు తివారీగారు, ఎదురుగా వరహాలమ్మ! నెత్తి మీద కొంగు, చేతిలో టేపు పెట్టె, కాళ్ళకు చెప్పులు లేవు. నలభై ఏళ్ళుగా కూరల బజారులో నేర్చుకున్న ఛత్తీస్‌గఢీ అంతా ఒక్కసారిగా బయటికి వస్తున్నది.

"గలతీ మోర్ హే సాబ్! బహూ కే నోహయ్!"

తప్పు నాది దొరా, కోడలిది కాదు! ఆ మాట విన్న సరోజిని స్తంభం చాటునే ఆగిపోయింది.

వరహాలమ్మ తెలుగూ ఛత్తీస్‌గఢీ కలగలిపి చెప్పుకుపోతున్నది. "దసరాకి మాం ఇంట్లో సామాన్లన్నీ తోమి దేవి ముందర ఎడతాం సాబ్. మా ఇంటాయన ఫిట్టరు, ఆయన పోయినా ఆయన పానా పెట్టినాను. కొడుకు జెండాలు ఎట్టినాను. నా కత్తిపీట ఎట్టినాను. కోడలి సామానొక్కటీ ఎట్టకపోతే ఆ తల్లి ఏటనుకుంటాది? సూద్దునుగదా, టేపంతా ఊరిళ్ళ బూజు! ఎంగిలి సామాను దేవికి ఎలగ ఎడతాను? అందుకని పిల్ల నీళ్ళకెల్లినప్పుడు మరిగిన నీళ్ళల్లో నానబెట్టి, కుంకుడు రసం పోసి ఉతికి, పిండి, ఎండలో ఆరేసి, మళ్ళీ సుట్టేసినాను."

తివారీగారు కళ్ళద్దాలు తీశారు. "టేపును... ఉతికారా?"

"మరి! రెండు సార్లు!" అన్నది వరహాలమ్మ. తప్పు ఒప్పుకుంటున్నానన్న సంగతి మరిచిపోయి, ఆ ఒక్క మాట మాత్రం గొప్పగానే అన్నది. "నాకేటి తెల్సు సాబ్, అది సీరలాగ ముడుసుకుపోతాదని! రాత్రి కోడలు దసరా తరవాతే తప్పులొచ్చినాయి అన్నాది. నా పేణం అక్కడే పోయింది."

ఆచార్యులు ఇంకా సందేహిస్తూనే ఉన్నారు. "అమ్మా, కోడలిని కాపాడుకోవడానికి మీరు చెప్తున్న మాటేమో..."

వరహాలమ్మ నడుము మీద చెయ్యి వేసింది. "సాబ్! కోడలి కోసం అబద్ధమాడే అత్తని మీరు ఈ రాయ్‌పూర్‌లో ఎక్కడైనా సూసినారా?"

చావడంతా ఘొల్లుమన్నది! లోపలి తలుపు వెనక నుంచి ఆ ఇంటి పెద్దావిడ నవ్వు కూడా గాజుల గలగలతో వినిపించింది.

"సరే, పరచండి" అన్నారు తివారీగారు.

ఇటు ఉక్కు టేపు, అటు నార టేపు. పక్కపక్కనే, చావడి నేల మీద. నార టేపు మీద యాభై అని రాసి ఉన్న చోట, ఉక్కు టేపు మీద... నలభై ఎనిమిదిన్నర! టేపు పొట్టిదైపోయింది. పొట్టి టేపుతో కొలిస్తే అంకె త్వరగా పరుగెత్తింది. నలభై ఎనిమిది అడుగుల గోడ నలభై తొమ్మిదిన్నరగా తేలింది! గోడ పెరగలేదు. కోడలు అబద్ధమాడలేదు.

తివారీగారు వంగి, ఆ రెండు టేపుల మధ్య తేడాను జానతో కొలిచి చూసుకున్నారు. తర్వాత లేచి, స్తంభం చాటున ఉన్న సరోజిని ముందుకు వచ్చి, చేతులు జోడించారు. "పదిమందిలో అన్న మాట పదిమందిలోనే వెనక్కి తీసుకుంటున్నాను బేటీ. క్షమించు. ఈ ఊళ్ళో నలభై ఇళ్ళు కొలిచాను, టేపుకు తలంటు పోసినవారిని మాత్రం ఇవాళే చూశాను!"

సరోజిని ఆయనకు నమస్కరించింది, కానీ ఆమె కళ్ళు అత్తగారి మీదే ఉన్నాయి. ఆ తలుపులు లేని చావడిలో, అంతమంది ముందు, అత్తా కోడళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు.

"మీ నాన్న టేపు పాడుసేసినాను. తిట్టు" అన్నది వరహాలమ్మ మెల్లగా.

"తిట్టాలా! మాట్లాడకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదత్తమ్మా! నేను మానేస్తే మీ పంతమూ నెగ్గేది..."

"నెగ్గేది. మరి నువ్వు జన్మంతా దొంగ పేరు మోసుకుని నా ఎదురుగా అన్నం తినేదానివి. ఆ ముద్ద నాకు దిగేదేటి?" ముక్కు చీదింది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ పనికి ఎల్లొద్దన్నది నాను. దేవి ముందర ఎట్టిందీ నానే. మనిసికి రెండు నోళ్ళుంటాయి గాదేటే... ఒకటే బయటికి ఇనపడతాది."

సరోజిని ఇక ఆగలేకపోయింది! అత్తగారి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపు చెమ్మ, ఎండాకాలం తర్వాత పడ్డ మొదటి వాన చెమ్మ. నేల వాసన వేసే ఏడుపు!

"సాలు సాలు. సూస్తన్నారు" అన్నది వరహాలమ్మ. అంటూనే కోడలి విడిపోయిన జుట్టును వేళ్ళతో దువ్వి, గబగబా ముడి వేసింది.

ఉక్కు టేపు అత్తాకోడళ్ళ చేతికి వచ్చింది. లోపలి తలుపు తెరుచుకుంది. వెంట రాబోయిన తివారీగారిని వరహాలమ్మ గడపలోనే ఆపింది. "మీరు బయటుండండి బాబూ, లోపల ఆడోళ్ళున్నారు." ఆయన వెనక్కి తగ్గి, బుద్ధిగా అరుగు మీద కూర్చున్నారు.

ఇదివరకు సరోజిని టేపు కొసను మేకుకు తగిలించి ఒంటరిగా కొలిచేది. ఇవాళ ఆ కొసను వరహాలమ్మ పట్టుకుంది. వంటింటి గోడ నలభై ఎనిమిది అడుగులు, అంగుళం తేడా లేదు! అంతటితో ఆగితే ఆమె వరహాలమ్మ ఎందుకవుతుంది? పెద్దావిడ పక్కన పీట వేసుకుని, పొయ్యి చుట్టూ తిరిగి చూసి, ప్రశ్నలు మొదలుపెట్టింది. "గోడలే రాస్తావేటే? ఈ గూడు ఇంత కిందకి ఎందుకెట్టినారో రాయవా? కొత్త కోడలు కూకునే దీపమెట్టాలని ఎట్టినారట. ఈ సందు రాయవా? పురుడొచ్చిన మనిసి ఎవురి కంటా పడకుండా నూతికాడికి ఎల్లే దారట! ఈ కిటికీ సూడు, బయటోడికి కనపడదు, లోపలున్నదానికి వీధంతా కనపడతాది. ఇదెవుడో తెలివైన ఆడదే కట్టించుంటాది!"

పెద్దావిడ నవ్వింది. "మా అత్తగారే కట్టించింది" అన్నది.

సరోజిని రాస్తూనే ఉన్నది. పెన్సిలు అరిగింది, చెక్కింది, మళ్ళీ రాసింది. ఆరు ఇళ్ళలో తాను గోడలే చూసిందని, ఏడవ ఇంట్లో మనుషులు నడిచిన దారులు కనబడుతున్నాయని ఆమెకు అప్పుడు తెలిసింది.

నాలుగు రోజుల తర్వాత, పౌర్ణమికి ముందే, నక్షా పూర్తయింది. తివారీగారు దాన్ని బల్ల మీద పరిచి, చాలాసేపు చదివి, కుడి మూలన ఖాళీ చూపించారు. "కొలిచినవారి పేర్లు ఇక్కడ రాయి బేటీ. ఇల్లు పోయినా ఈ కాగితం ఉంటుంది."

సరోజిని కలం సిరాలో ముంచింది. నెమ్మదిగా, గుండ్రటి అక్షరాలతో రెండు పేర్లు రాసింది.

"ఏటి రాసినావు?" అన్నది పక్కన నిలబడ్డ వరహాలమ్మ. ఆమెకు చదువు రాదు.

"నా పేరు. మీ పేరు."

"నా పేరెందుకే! టేపు ఉతికినందుకా?"

"టేపు పట్టుకున్నందుకు."

వరహాలమ్మ ఆ నల్లటి తడి అక్షరాల మీదికి వంగి, తన పేరు ఏదో తెలియకపోయినా, రెండింటినీ మార్చి మార్చి చూసింది. కళ్ళు చెమర్చాయి.

"ఒట్టి పేర్లేనా? మా కాలనీలోనే వరాలమ్మలు నలుగురున్నారు. రేపెవుడైనా సదివితే ఎవురనుకుంటాడు? ముందర గొర్లె అని ఇంటిపేరు రాయి." ఒక్క క్షణం ఆగి, కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "రెండు సార్లు రాయకు, సిరా దండగ. ఇద్దరికీ కలిపి ఒక్కటే రాయి... ఒక్కింటోళ్ళమే కదేటే!"