సామ్ ఉక్ ఇంట్లో ఒక అన్నం డబ్బా తక్కువ

సామ్ ఉక్ పెద్దింట్లో షూటింగ్ పెట్టుకోవద్దని హాంకాంగ్‌లో లైట్ బాయ్ దగ్గర్నుంచి డైరెక్టర్ దాకా అందరూ చెప్పేవాళ్ళే. చెప్పి మానుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. అద్దె తక్కువ మరి.

కొండ వెనక ఊరది. జనం ఎప్పుడో పట్నానికి వెళ్ళిపోయారు. మిగిలింది ఆ పెద్దిల్లూ, పెరట్లో ఒక నుయ్యీ... ఆ రెంటినీ పట్టుకు వేలాడే దెయ్యమూ.

అది రక్తం తాగే రకం కాదు, గొంతు పిసికే రకమూ కాదు. దానికి సినిమా పిచ్చి.

ఏ సినిమా తీసినా సరే — రీలు కడిగి తెర మీద వేసి చూసుకుంటే, ఏదో ఒక మూల ఒక ముసలి ముఖం. ఎవరూ పిలవని ముఖం. రాజుగారి సభలో స్తంభం పక్కన ఉంటుంది. పోలీసు సినిమాలో కిటికీ అవతల ఉంటుంది. ఒక ప్రేమకథలో హీరో హీరోయిన్లు కన్నీళ్ళతో కావలించుకుంటుంటే, వాళ్ళ వెనకాలే నిలబడి పుల్లతో పళ్ళు కెలుక్కుంటోందట.

ఇంకో సంగతి. ఎంతమంది ఉంటే అన్ని అన్నం డబ్బాలు తెప్పించినా, ఆఖరికి ఒకటి తక్కువ పడుతుంది.

అందుకే అక్కడ పని చేసేవాళ్ళకి కొన్ని కట్టుబాట్లు. మొదటి రోజు కాల్చిన పందిని పెట్టి అగరొత్తులు వెలిగించాలి. దెయ్యాన్ని దెయ్యం అనకూడదు, 'మంచన్న' అనాలి. చీకటి పడ్డాక ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు — పిలిస్తే మనవాడే పలుకుతాడన్న నమ్మకం లేదు. ఇక శవం వేషం వేసేవాడికి ముందే ఎర్ర కవరులో కాస్త డబ్బు పెట్టి ఇవ్వాలి. చావు వాసన అంటకుండా అది కాస్తుంది. ఎరుపంటే మంచన్నలకి నిప్పుతో సమానం, ముట్టుకోలేరు.

పేజర్లు నడుముకి కట్టుకు తిరిగే రోజుల్లో, కొత్త సంవత్సరం పండక్కి ఒక నవ్వుల సినిమా తీస్తూ ఆ ఇంట్లో దిగింది యూక్ పింగ్. అందరూ పింగ్ అంటారు. సినిమా పనులన్నీ చూసుకోవలసిన మనిషి. ఆ హోదాలో ఆమెకి అదే మొదటి సినిమా. డైరెక్టర్ సిట్ గారికి అదే ఆఖరిదయ్యేట్టుంది — అంతకు ముందు తీసినవన్నీ చతికిలబడ్డాయి.

హాళ్ళ యజమాని ఒకే మాట అన్నాడు. "మీ కథ ఎవడిక్కావాలయ్యా? పండగ పూట జనం కల్లో కూడా అనుకోని మనిషిని తెర మీద చూసి ఈలెయ్యాలి. ఎవరూ అనుకోని ముఖం ఒకటి పట్టుకురా, పండక్కి హాలిస్తా. లేకపోతే ఆ రీళ్ళు నీ మంచం కింద పెట్టుకో."

ఎవరూ అనుకోని ముఖమంటే ఒక్కటే. హోయ్ అన్న.

ఒకప్పుడు ఆయన తెర మీదికొస్తే హాలు పైకప్పు లేచిపోయేది. తర్వాత కుర్రాళ్ళొచ్చారు, ఆయన్ని పిలిచేవాళ్ళు లేకపోయారు. ఆయన మకావు వెళ్ళి తలుపేసుకున్నాడు. తాతయ్యే వయసొచ్చినా పరిశ్రమకి ఇప్పటికీ అన్నే. పింగ్ ఓడెక్కి మకావుకి తిరిగి తిరిగి, చెప్పులరగదీసి ఆయన్ని ఒప్పించింది.

"ఒక్క షాటు," అన్నాడు హోయ్ అన్న చివరికి. జుట్టు ముగ్గుబుట్టయింది, చేతులు వణుకుతున్నాయి. "పైసా ముట్టను. నేనొస్తున్నట్టు పిట్టక్కూడా తెలియకూడదు. చివరి రోజు రాత్రి నా అంతట నేనే వస్తా. పెరటి తలుపు దగ్గరుండు. నన్ను పలకరించకు, ముఖంలోకి చూడకు. తిన్నగా పెట్టెలో పడుకోబెట్టు. వస్తానన్నానంటే వస్తాను తల్లీ... పిలిచావు, అది చాలు."

షాటేమిటంటే — ఒక ముసలాయన చనిపోతాడు. పెట్టె పక్కనే బంధువులు కూర్చుని చావు భోజనం లాగిస్తుంటారు. శవం లేచి కూర్చుని అడుగుతుంది: "నా భోజనానికి నన్నే పిలవలేదేం?" ముఖం మీద గుడ్డ జారుతుంది... హోయ్ అన్న! ఈలలు!

ఈ రహస్యం తెలిసింది పింగ్‌కీ, సిట్ గారికే.

చివరి రాత్రి వచ్చింది. దీపాలు సిద్ధం, పెట్టె సిద్ధం, బల్ల మీద పంది మాంసం పొగలు కక్కుతోంది. పింగ్ పెరట్లోకి వెళ్ళింది.

చిమ్మచీకటి. నుయ్యి పక్కన... ఎవరో.

ఒంగిన నడుము. తల మీదుగా కప్పుకున్న శాలువా. కదలకుండా దీపాల వెలుతురు వైపే చూస్తూ నిలబడ్డాడు.

పింగ్ దగ్గరికి నడిచింది. పేరు పెట్టి అడుగుదామంటే — చీకట్లో పేరెత్తకూడదాయె. ముఖం చూద్దామంటే, చూడొద్దని ఆయన మాట తీసుకున్నాడు. కళ్ళు నేలకేసి వంచి, రెండు చేతులా ఎర్ర కవరు అందించింది.

ఆ మనిషి చటుక్కున లాక్కుని జేబులో కుక్కుకున్నాడు.

'అమ్మయ్య, మనిషే' అనుకుంది పింగ్. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ముఖాన గుడ్డ కప్పి, పెట్టెలో పడుకోబెట్టింది.

"స్టార్ట్," అన్నాడు సిట్ గారు సంతోషంగా.

కెమెరా తిరిగింది. బంధువులు ఏడుస్తూ తింటున్నారు, తింటూ ఏడుస్తున్నారు. పెట్టెలో అలికిడి... ఒక ఎముకల చెయ్యి పైకొచ్చి అంచు పట్టుకుంది... శవం మెల్లగా లేచి కూర్చుంది. గుడ్డ జారింది—

"భోజనాలు అయిపోయాయా?" అంది శవం.

మాట తప్పు. ముఖం అంతకన్నా తప్పు. స్తంభం పక్కన ఉండే ముఖం. కిటికీ అవతల ఉండే ముఖం. పళ్ళు కెలుక్కునే ముఖం!

"మంచన్నా!" అని ఎవరో కెవ్వుమన్నారు.

బల్ల తిరగబడింది. బంధువులు ఒకరినొకరు తొక్కుకుంటూ గడప దాటారు. కెమెరామన్ కెమెరా వదిలేశాడు. అందరికన్నా ముందు పరిగెత్తింది సిట్ గారే. ఆ వయసులో ఆ పరుగు చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

పింగ్ కదల్లేదు. ఎర్ర కవరు ఆమె చేతులారా ఇచ్చిందే కదా, వాడు పుచ్చుకున్నాడు కదా, మరి మనిషే అయ్యుండాలి.

"ఎవరు తాతా నువ్వు?" అంది గుసగుసగా.

"మోక్," అన్నాడు ముసలాయన, పెట్టెలోంచి దిగడానికి కాలు సాచుతూ. "ఒకప్పుడు గుంపులో వేషాలేసేవాణ్ణి. ఊరంతా పోయినా నేనీ వంటింట్లోనే ఉండిపోయాను. మీరొచ్చినప్పుడల్లా ఓ మూల నిలబడతాను, ఓ డబ్బా తీసుకుంటాను. వేషం వేశాకే తింటానమ్మా, ఊరికే తినే రకాన్ని కాదు. ఇవాళ నువ్వే చెయ్యి పట్టుకుని నడిమధ్యకి తీసుకొచ్చేసరికి... ఇన్నాళ్ళకి గుర్తించారనుకున్నా."

పింగ్‌కి నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. ఇన్నేళ్ళుగా పరిశ్రమని గడగడలాడించిన దెయ్యం ఈ ఆకలిగొన్న ముసలాయనా? సరే, బాగుంది. మరి హోయ్ అన్నేడీ? పండగా, హాలూ, తన పరువూ ఏమైపోవాలి?

అప్పుడు వినిపించింది... చప్పట్లు.

మెల్లగా. పెరటి తలుపు వైపు నుంచి.

తెల్లటి సూటు వేసుకుని గుమ్మంలో నిలబడి, కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నాడు హోయ్ అన్న. జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. ముఖాన ఒక్క ముడత లేదు. అచ్చం పాత పోస్టర్ల మీద ఉన్నట్టే ఉన్నాడు. మేకప్ వేసుకునే వచ్చాడు కాబోలు, పెద్దవాళ్ళ శ్రద్ధే వేరు, అనుకుంది పింగ్.

"ఆలస్యమైంది తల్లీ, దారిలో పట్టుకున్నారు," అన్నాడు. "రీలు ఇంకా తిరుగుతోందే? వృథా చెయ్యకండి."

"అన్నా, పెట్టెలో—"

"పడుకోబుద్ధెయ్యట్లేదమ్మా ఇవాళ."

తిన్నగా వెళ్ళి ఒరిగిన బల్ల నిలబెట్టి, ఎవరూ లేని విందు మధ్య కూర్చున్నాడు. ఇటూ అటూ చూశాడు. ఖాళీ పీటలు... చెల్లాచెదరైన గిన్నెలు... అప్పుడు కెమెరాలోకి చూసి, మెత్తగా అడిగాడు.

"నా భోజనానికి నన్నే పిలవలేదేం?"

పింగ్ నవ్వింది. పక్కన మోక్ తాత మాంసం ముక్క నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు.

హోయ్ అన్న లేచి గుమ్మం దాకా వెళ్ళాక, సంచిలోంచి ఇంకో ఎర్ర కవరు తీసి రెండు చేతులా చాపింది పింగ్.

హోయ్ అన్న ఒకడుగు వెనక్కి వేశాడు. చేతులు రెండూ వీపు వెనక పెట్టుకున్నాడు.

"వద్దమ్మా. పైసా ముట్టనన్నానుగా. చచ్చినవాడి వేషం వేసింది ఆ పెద్దాయన, ఆయనకి ఇచ్చేశావు. సరిపోయింది."

ఎంత గొప్ప మనిషి అనుకుంది పింగ్. కళ్ళు చెమర్చాయి. మకావు దాకా వెళ్ళి మళ్ళీ మళ్ళీ తలుపు కొట్టినందుకు తన మీద తనకే గర్వమనిపించింది. తల ఎత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

రీలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, కొండ దిగి రోడ్డు మీదికొచ్చింది. సిట్ గారూ తక్కినవాళ్ళూ వ్యానులో ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. కొండ వెనక పేజరు అందదు. రోడ్డెక్కగానే ఆమె నడుం దగ్గర అది కుయ్‌కుయ్‌మంది.

మకావు నుంచి కబురు. మధ్యాహ్నం పంపింది.

'మా నాన్నగారు ఇవాళ పొద్దున్న కన్నుమూశారు. మీ షూటింగు సంగతి పోయేముందే మాకు చెప్పారు. రాలేకపోతున్నందుకు మన్నించండి.'

సిట్ గారు అది చదివి నెత్తి బాదుకున్నాడు. "అయిపోయింది! హాలు పోయింది! ఇప్పుడెవర్ని పట్టుకొచ్చి చెయ్యను ఆ షాటు?"

"షాటు... అయిపోయింది సార్," అంది పింగ్.

"ఎవరితో?"

పింగ్ కొండ వైపు తిరిగి చూసింది. ఎవరూ పుచ్చుకోని ఎర్ర కవరు చేతిలో నలుగుతోంది.

రీలు కడిగి వేసి చూసేటప్పుడు సిట్ గారు కుర్చీ వెనక నక్కాడు. పింగ్ వేళ్ళ సందులోంచి చూసింది. ఖాళీ బల్ల కనిపిస్తుందని ఆమె భయం. ఖాళీగా లేదు. తెల్ల సూటు, నల్ల జుట్టు, ఆ మెత్తటి నవ్వు. దీపాలన్నీ ఆయన కోసమే వెలిగినంత స్పష్టంగా ఉన్నాడు హోయ్ అన్న.

పండక్కి సినిమా వచ్చింది. శవం లేస్తుంది, జనం నిజమైన ప్రాణభయంతో పారిపోతారు, ఆ ఖాళీ విందులో హోయ్ అన్న. హాళ్ళు దద్దరిల్లాయి. ఈలలు వేసినవాళ్ళే తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. ఆయన ఆఖరి షాటు ఎప్పుడు తీశారని విలేకరులడిగితే, "ఆ రోజుల్లోనే," అన్నాడు సిట్ గారు. పోకముందా, పోయాకా అని ఎవరూ గుచ్చి అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెప్తాడు పాపం!

మరుసటి ఏడాది ఇంకో సినిమా కోసం పింగ్ మళ్ళీ సామ్ ఉక్ వెళ్ళింది. దీపాలు బిగిస్తుంటే, తనకొకటీ తాతకొకటీ రెండు అన్నం డబ్బాలు పట్టుకుని వంటింటి వైపు నడిచింది. మోక్ తాత గుమ్మం ముందు పొడుగాటి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం మాడిపోయి ఉంది.

"ఏం తాతా, ఒంట్లో బాగాలేదా?"

"ఒంటికేం, బానే ఉంది. నా బతుకే బాగాలేదు. అంత కష్టపడి పెట్టెలో పడుకుంటే, సినిమాలో నా ముఖం రాకముందే ఆ ముక్క కత్తిరించేశారు. పోనీలే అనుకున్నా. ఇప్పుడు నేను షాటులోకి వెళ్తే ఒక్కడూ భయపడట్లేదు. అందరూ నా వెనక ఇంకెవరున్నారా అని చూస్తున్నారు! ఏళ్ళ తరబడి మూల మూలనా నిలబడి పేరు తెచ్చుకున్న దెయ్యాన్ని నేను. ఆయనేమో ఒక్క రాత్రి అతిథిగా వచ్చి మొత్తం పట్టుకుపోయాడు."

"అంటే... ఆయన ఇంకా వస్తున్నారా?" అంది పింగ్.

"వెళ్తే కదా రావడానికి! రోజూ చీకటి పడ్డాక ఒకటే గొడవ — రేపు షూటింగుందా, నన్ను పిలిచారా అని. తిండా, ఏమీ తినడు. తోడుంటాడు, అంతే." తాత ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "నిజం చెప్పొద్దూ, చలికాలం బాగానే గడిచింది."

పింగ్ డబ్బాలు రెండూ బల్ల మీద పెట్టింది. చీకటి పడుతోంది. పేరు పెట్టి పిలవకూడదని ఆమెకి తెలుసు. నుయ్యి వైపు తిరిగి, గట్టిగానే పిలిచింది.

"హోయ్ అన్నా! భోజనానికి రండి."

ఆకు కదల్లేదు.

మోక్ తాత నిట్టూర్చి, తన డబ్బా ఒళ్ళోకి తీసుకుని, గొణుక్కుంటూ కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. బల్ల రెండో చివర కిర్రుమంది.