జెండా మేడమ్, తప్పుల కెప్టెన్

"ఏవండీ కెప్టెన్ గారూ! మా దేశం జెండా మీ కంటికి వంటింటి మసిగుడ్డలా కనిపిస్తోందా?"

జెట్టీ మీద నుంచి వచ్చిన ఆ కేకకి, పడవలో తాడు చుడుతున్న యువకుడు ఉలిక్కిపడి తలెత్తాడు. నడుం మీద చెయ్యి వేసుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు, కళ్ళలో నిప్పులు.

పరాయి దేశపు రేవుకి వచ్చిన పడవ తన జెండాని వెనక ఎగరేసుకుని, ఆతిథ్యమిచ్చిన దేశం జెండాని తెరచాప స్తంభానికి కుడివైపు కట్టాలి. అది అతిథి చూపించాల్సిన మర్యాద. ఇతగాడు కట్టిన జెండా అంచులు చిరిగి పీలికలైంది. పైగా అదే తాడుకి, దానికంటే పైన, ఫుట్‌బాల్ క్లబ్ జెండా!

"భోజనానికి పిలిస్తే వచ్చి, మా తాతగారి ఫొటోకి మీ చొక్కా తగిలించినట్టుంది!" అందామె.

"సారీ అండీ, చూసుకోలేదు. కొత్త జెండా ఎక్కడ దొరుకుతుంది?"

"ఎదురుగా ఉన్నదే మా షాపు."

"అంటే ఇది దేశభక్తా, వ్యాపారమా?"

"దేశభక్తికి డబ్బులు తీసుకోం. జెండాకి తీసుకుంటాం."

అతను పకపకా నవ్వాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మమ్మతో కలిసి తెరచాపలూ జెండాలూ కుట్టే ఆ అమ్మాయిని రేవులో అందరూ జెండా మేడమ్ అంటారు. తయారైన పడవల్ని కొన్నవాళ్ళ ఊళ్ళకి చేర్చడం ఆ కెప్టెన్ ఉద్యోగం. దారిలో డీజిల్ కోసం ఈ రేవులో ఆగుతాడు.

మళ్ళీ వచ్చినప్పుడు జెండా కొత్తదే. కానీ తలకిందులుగా ఉంది.

"జెండా తిరగేస్తే ప్రమాదంలో ఉన్నామని అర్థం. ఏం, మునిగిపోతున్నారా?"

"ఎప్పుడో మునిగిపోయానండీ," అన్నాడు ఆమె వంకే చూస్తూ.

"ఈత రాదా?"

"వచ్చు. ఈదాలనిపించడం లేదు."

ఆ తర్వాతి రాకలో జెండా ఎడమవైపు ఎగిరింది. కుట్టుమిషన్ వెనక నుంచి అమ్మమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "కుడీ ఎడమా తెలీకుండా ఈ పిల్లాడు సముద్రం ఎలా దాటుతున్నాడే?"

"మొద్దబ్బాయి అమ్మమ్మా," అంటూనే ఆమె అద్దంలో జుట్టు సవరించుకుని బయటికి పరిగెత్తింది. తిట్టడానికి జుట్టెందుకు సర్దుకోవాలో అమ్మమ్మ అడగలేదు.

అతను వెళ్ళాక డీజిల్ పోసే బాబాయ్ అసలు సంగతి చెప్పాడు. "ఆయనకి జెండాల గురించి తెలీకపోవడమేంటమ్మా? సెయిలింగ్ స్కూల్లో కొత్తవాళ్ళకి ఆ పాఠాలు చెప్పేదే ఆయన!"

ఆమె చెవులు భగ్గుమన్నాయి. అంటే ఇన్నాళ్ళూ తను జెట్టీ మీద గొంతు చించుకుంటుంటే అతను వినోదం చూశాడన్నమాట. ఆ రోజంతా కుట్టిన ప్రతి కుట్టూ వంకరపోయింది.

తర్వాత అతను వచ్చినప్పుడు పసుపు జెండా ఎగురుతోంది. రేవు అధికారులు అనుమతి ఇచ్చేదాకా అది ఉండాలి, ఇచ్చాక దించెయ్యాలి. అనుమతి అందినా అతను దించలేదు.

ఈసారి ఆమె అరవలేదు. "ఇక్కడ ఇంకో రూలుంది. ఇన్నిసార్లు తప్పు చేసిన కెప్టెన్, మేం పిలిచేదాకా జెండా కింద చేతులు కట్టుకుని నిలబడాలి."

అతను ఆమె ముఖంలోకి ఒక్కక్షణం చూశాడు. "అలాగేనండీ."

ఆమె తలుపు ధడాలున వేసుకుంది. కాసేపటికి చిటపటమంటూ మొదలైన వాన కుండపోతైంది. జెట్టీ మీది జనమంతా చూరు కిందికి చేరారు. కిటికీలోంచి చూస్తే, అతను చేతులు కట్టుకుని అక్కడే ఉన్నాడు.

"పగ తీర్చుకుంటున్నావా, న్యుమోనియా తెప్పిస్తున్నావా?" అంది అమ్మమ్మ.

ఆమె గొడుగు పట్టుకుని పరిగెత్తింది. "అలాంటి రూలు లేదని మీకు తెలుసుగా!"

"తెలుసు."

"మరెందుకు నిలబడ్డారు?"

"ఇదివరకు మీరు తిట్టేటప్పుడు కళ్ళు నవ్వేవి. ఇవాళ నవ్వలేదు. నిజంగా తప్పు చేశానని అప్పుడే అర్థమైంది."

"నన్ను నవ్వులపాలు చేశారు."

"లేదండీ. మొదటిసారి జెండా నిజంగానే చిరిగింది. మీరు తిట్టారు, మాట్లాడారు. జెండా సరిగ్గా ఉన్న పడవలకేసి మీరు తలైనా తిప్పరు. ఆ భయంతోనే ఇదంతా."

ఆలోచిస్తే నిజమే. జెండా సరిగ్గా కట్టిన కెప్టెన్ ముఖం ఒక్కటీ ఆమెకి గుర్తులేదు.

"ఈ రేవులో ఓడలకి దారి చూపే పడవ నడపడానికి మనిషి కావాలట. నన్ను రమ్మన్నారు," అన్నాడతను. "మీకిష్టమైతే చేరతాను. మీరంటే నాకు చాలా ఇష్టం. కాదంటే పొద్దున్నే వెళ్ళిపోతాను, ఇంక విసిగించను."

వాన హోరులో ఆమె చేతిలో గొడుగు అతని వైపు జరిగింది.

అమ్మమ్మ గుమ్మంలోకొచ్చి కేకేసింది. "ఏమయ్యా, ఈ గయ్యాళి సంగతి మీ ఇంట్లో చెప్పావా?"

"మొదటి తిట్లు తిన్న రోజే చెప్పానండీ. అమ్మ ఎప్పుడు చూపిస్తావని గొడవ."

"నాకు చెప్పకుండా మీ అమ్మగారికి చెప్పేశారా?" అందామె, బుగ్గలు ఎర్రబడుతుండగా.

"అమ్మ తిట్టదు కదండీ!"

"చాల్లే! తడిసి ముద్దయ్యావ్, లోపలికి పద," అంటూ ఆమె అతని చెయ్యి పట్టుకుని లాగింది.

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిందని ముందు గమనించింది అమ్మమ్మే. పొడి తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళింది. కావాలనే కాస్త ఆలస్యంగా తిరిగొచ్చింది.