రెండో డిస్కు

ప్రేమ్ సాగర్‌కి కంప్యూటర్ మీద కోపం రావడం కొత్త కాదు. బందరులో పెళ్ళి వీడియోలు తీసి, ఇంట్లోనే ఎడిటింగ్ చేసుకునేవాడికి అది రోజూ ఉండేదే. కానీ ఆ సాయంత్రం వచ్చిన కోపంలో ఏడుపు కూడా కలిసింది.

అంతా పాత హార్డ్ డిస్కు వల్ల. ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పట్టి, బల్లిలా టిక్కుటిక్కుమంటోంది. అందులో సుమతి పెళ్ళి వీడియో ఉంది. సుమతి నాన్న అప్పయ్య హంసలదీవి నుంచి సముద్రం మీద చేపలవేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. కెమెరా అంటేనే మొహం తిప్పుకునే మనిషి కావడంతో, ఆ వీడియోలో తప్ప ఆయన ముఖం ఇంకెక్కడా లేదు. రేపు పెద్దకర్మ. దండ వేయడానికి ఒక్క ఫోటో తీసిపెట్టమని ఆయన భార్య నాగమల్లేశ్వరి బతిమాలింది.

"ఆయన మొహం మర్చిపోతానేమోనని భయంగా ఉంది అబ్బాయ్," అంది.

ప్రేమ్ సాగర్ పుట్టిందీ హంసలదీవి జాలరిపేటలోనే. చిన్నప్పుడు అతన్ని భుజాన ఎక్కించుకుని తిప్పిన మావయ్య అప్పయ్య.

అందుకే రెండు కొత్త డిస్కులు కొని రెయిడ్ పెడుతున్నాడు. ఒకదాంట్లో ఏది రాస్తే అది రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చచ్చినా ఇంకొకటి బతికుంటుంది. వినడానికి బాగానే ఉంది, చేయబోతే చుక్కలు కనిపిస్తున్నాయి. ఒక డిస్కు కనబడితే ఇంకొకటి కనబడదు. కేబుల్ మారిస్తే రెండూ మాయం. అన్నీ కుదిరి కాపీ మొదలయ్యేసరికి కరెంటు పోతుంది, ఇన్వర్టర్ కుయ్యోమంటుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుంది అతని బతుకు.

"దీపాలవేళైంది, కాసేపు వదిలేయండి," వంటింట్లోంచి కేకేసింది భార్య సాయిదుర్గ. బందరు పిల్ల, ఆ పేట మనుషుల్నెవర్నీ ఎరగదు.

"వదిలేస్తే అత్తకేం చెప్పను?"

కాపీ చివరిదాకా వచ్చి ఆగింది. రెండు డిస్కులూ సరిపోలడం లేదంది తెర. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది. విసుగొచ్చి, రెయిడ్ విడదీసి దేనికదే తెరిచి చూశాడు.

మొదటి డిస్కులో పెళ్ళిపందిరి. వెనక వరసలో, కొత్త పంచెలో అప్పయ్య, కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు.

రెండో డిస్కులో అదే పందిరి, అదే జనం. అప్పయ్య మాత్రం లేచి నిలబడి ఉన్నాడు. పంచె తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. నవ్వడం లేదు. కెమెరాలోకే చూస్తున్నాడు...

గదిలో బురద వాసన. సముద్రం పోటు తీశాక మడ అడవుల్లో వచ్చే వాసన. అది కంప్యూటర్ కేబినెట్‌లోంచే వస్తోంది. చెయ్యిపెట్టి చూశాడు. మొదటి డిస్కు కాలుతోంది. రెండోది చల్లగా ఉంది. వేలికి తడి తగిలింది.

చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అయినా భయం కంటే కసే ఎక్కువగా ఉంది. ఫైలు పాడైంది, అంతే, సరిగ్గా పడ్డాకే ఫోటో తీయొచ్చు... అనుకుని రెండిటినీ మళ్ళీ కలిపాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"అప్పయ్య మావయ్యా! రావయ్యా బాబూ, ఇంకెంతసేపు!" అని గట్టిగా అరిచేశాడు.

అరిచాక నాలుక్కరుచుకున్నాడు. వేటకెళ్ళి రానివాణ్ణి దీపాలవేళ పేరుపెట్టి పిలవకూడదని ఆ పేటలో పసిపిల్లలకి కూడా తెలుసు. బందరొచ్చి అన్నీ మర్చిపోయాడు.

తెరమీద కాపీ గీత నిండింది. రెండు డిస్కులూ సరిపోలాయి.

గబగబా వీడియో తెరిచాడు. పందిరి ఉంది, జనం ఉన్నారు. వెనక వరసలో కుర్చీ ఖాళీగా ఉంది. ముందుకీ వెనక్కీ జరిపి వెతికాడు. అప్పయ్య ఎక్కడా లేడు. పాత డిస్కు టిక్కుమనడం కూడా మానేసింది. అత్తకి మిగిలిన ఆ ఒక్క ముఖాన్నీ తన చేతులతోనే పోగొట్టాడు. తల పట్టుకుని ఏడ్చాడు.

ఫోన్ మోగింది. నాగమల్లేశ్వరి.

"అత్తా, నేను..."

"ఫోటో వద్దు అబ్బాయ్!" ఆమె ఏడుస్తూ నవ్వుతోంది. "మీ మావయ్య వచ్చేశాడు! ఇప్పుడే... తడిసి ముద్దైపోయాడు. పలకట్లేదు. అన్నం పెట్టమని సైగ చేశాడు. నా ఎదురుగానే తింటున్నాడు..."

వెనక నుంచి సాయిదుర్గ వచ్చి అతని భుజం తట్టింది.

"ఏవండీ," గుసగుసగా అంది, "ఎవరో పెద్దాయన గుమ్మంలోకొచ్చారు. నిలువునా తడిసిపోయున్నారు. ఎవరంటే పలకరు, అన్నం కావాలని సైగ. ఆకలిమీదున్నారని వంటింట్లో కూర్చోబెట్టి పెట్టాను. మీకు తెలిసినాయనేనా?"

వంటింట్లో ఎవరికో పొలమారింది. ఆ దగ్గు ఫోన్లోనూ వినిపించింది. ఆగి, మళ్ళీ దగ్గు... ఇక్కడా, అక్కడా, ఒక్కసారే.

"మెల్లగా తినయ్యా," ఫోన్లో నవ్వుతోంది నాగమల్లేశ్వరి. "నిన్నెవరో తలుచుకుంటున్నారు."