పడవ హ్యాండిల్

మా బండ్ల రిపేరు షెడ్డు లంబాలైన్‌లో, ఎయిర్‌పోర్టు గోడకి ఇవతల. విమానం దిగినప్పుడల్లా పైన రేకులు గడగడలాడతాయి, డబ్బాలో నట్లు ఎగిరెగిరి పడతాయి. ఇంజిను పని మా ఆయన టైటస్‌ది, కరెంటు పని నాది. ఆడమనిషి బండ్ల వైరింగు చెయ్యడమేంటని మొదట్లో ఇకిలించినవాళ్ళే, ఇప్పుడు హారన్ మోగకపోతే "కేథరిన్ దీదీ ఉందా?" అంటూ గేటు దగ్గర నిలబడతారు. పని నాన్న దగ్గర నేర్చుకున్నాను. నోరు కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నానంటాడు టైటస్. అననీ.

ఇది పోయిన ఆగస్టు సంగతి. ఎవరికీ చెప్పకమ్మా, ప్రార్థన చేసుకో చాలన్నారు పాస్టరుగారు. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. నిద్రే పట్టడం లేదు.

వండూర్‌లో రిసార్టు నడిపే గురునాథం గారు ముచ్చటపడి ఒక పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారు కొన్నారు. ఎర్ర రంగు, రెండే సీట్లు, గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. వయసులో మా నాన్నకంటే పెద్దది. చెన్నై నుంచి మా దీవికి ఓడలో వచ్చింది. దిగిన రోజు నడిచింది, మర్నాడు మొండికేసింది. ఇద్దరు మెకానిక్కులు చేతులు పెట్టి, చేతులెత్తేసి, చివరికి లారీకి కట్టి మా షెడ్డుకి లాక్కొచ్చారు.

"ఎల్లుండి మా అమ్మాయి పద్మిని పెళ్ళమ్మా. పెళ్ళికూతురు ఈ కార్లోనే దిగాలని పట్టుబట్టింది. ఎలాగైనా చూడాలి" అన్నారాయన.

బానెట్టు ఎత్తగానే నాకు ఒళ్ళు మండింది. ఎవడో మహానుభావుడు బ్యాటరీని తిరగేసి బిగించాడు. ఇప్పటి బండ్లలో మైనస్ తీగ బాడీకి వేస్తాం. ఆ కాలం ఇంగ్లండు బండ్లలో ప్లస్సే బాడీకి వెయ్యాలి. అది కూడా తెలియనివాడు స్క్రూడ్రైవరు ఎందుకు పట్టుకోవాలి? వాడి ఏడు తరాలనీ తిట్టుకుంటూ బ్యాటరీ తిప్పి పెట్టాను. ఉప్పుగాలికి ఆకుపచ్చగా చిలుము పట్టిన అతుకులన్నీ గీకి శుభ్రం చేశాను. కాలిపోయిన కాయిల్ మార్చాను. తాళం తిప్పితే సీటు వెనకాల పెట్రోలు పంపు టిక్ టిక్ టిక్‌మని కొట్టుకుని, పెట్రోలు నిండగానే ఆగింది. మళ్ళీ ఇంజిను తాగితేనే అది కొట్టుకోవాలి. ప్లగ్గు విప్పి చూస్తే నీలం రంగు నిప్పురవ్వ టపటపలాడింది.

"చూశావా?" అన్నాను టైటస్‌తో.

"చూశాను తల్లీ. ఇప్పుడు నా ఖర్మ చూడు" అంటూ స్టార్టర్ మోటారు విప్పి నా ముందు పెట్టాడు. లోపల చుట్టిన రాగి తీగంతా మాడి బొగ్గయింది. కొత్తది ఓడ మీద రావాలి, పన్నెండు రోజులు పడుతుంది.

ఇంకో దారుంది. ఆ రకం బండ్లకి ముక్కు కింద ఒక బెజ్జం ఉంటుంది. వంకర హ్యాండిల్ అందులోకి దూర్చి, చేత్తో గిర్రున తిప్పితే ఇంజిను అంటుకుంటుంది. ఒక్కోసారి అంటుకోకుండా వెనక్కి తంతుంది. అప్పుడు ఆ హ్యాండిల్ దెబ్బకి మణికట్టు విరిగినవాళ్ళని చూశాను. సరే, జాగ్రత్తగా తిప్పుకుందామంటే అసలు హ్యాండిలే లేదు.

అప్పుడు నోరు విప్పాడు శివాజీ.

శివాజీ మా దగ్గర ఆర్నెల్లుగా సామాన్లు కడుగుతూ, మోస్తూ ఉన్నాడు. నలభై ఏళ్ళవాడు. అంతకుముందు అన్న రాముడితో కలిసి జంగ్లీఘాట్ రేవు నుంచి పడవలో చేపల వేటకెళ్ళేవాడు. ఒక రోజు ఇద్దరూ వెళ్ళారు, శివాజీ ఒక్కడే తిరిగొచ్చాడు. కెరటం కొట్టి అన్న నీళ్ళలో పడిపోయాడన్నాడు. శవం దొరకలేదు. వదిన దేముడమ్మ అతని మొహం చూడడం మానేసింది. అయ్యో పాపం, దిక్కులేనివాడని మేమే పనిలో పెట్టుకున్నాం.

"మా పడవ ఇంజిను హ్యాండిలుంది దీదీ. కొస కోసి అతుకేత్తే దీనికి సరిపోద్ది" అన్నాడు.

గంటలో గోనెసంచిలో చుట్టి పట్టుకొచ్చాడు. మూరన్నర పొడుగు, నా మణికట్టంత లావు ఇనుము. టైటస్ కొస కొయ్యబోతుంటే శివాజీ పక్కనే నిలబడి ఒకటే గొడవ. "బయ్యా, ఇటు కూడా కోసీ. అరగదీసీ. పాత రూపు ఉండకూడదు. పైన నల్ల పెయింటేసీ." కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేను నవ్వాను. నవ్వకుండా ఆలోచించి ఉండాల్సింది.

ఇనుము కోస్తే ఒక వాసన వస్తుంది, అది నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆ రోజు వచ్చింది ఆ వాసన కాదు. వెంట్రుకలు కాలిన కంపు. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

"పాత గ్రీజులే" అన్నాడు టైటస్.

మా దీవుల్లో వానాకాలం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. వెల్డింగు పూర్తయ్యేసరికి అదే టైమైంది. వాన మొదలైంది. రేకుల మీద ఆ మోతకి పక్కమనిషితో కూడా గట్టిగా మాట్లాడాలి. ఇంతలో కరెంటు పోయింది. ఛార్జింగ్ లైటు తెచ్చి బానెట్టు మీద పెట్టాను. శివాజీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

నేను సీట్లో కూర్చుని తాళం తిప్పాను. టిక్ టిక్ టిక్… ఆగింది. టైటస్ "ప్రభువా" అనుకుని హ్యాండిల్ దూర్చి, ఒక్క తిప్పు తిప్పాడు. ఏమీ లేదు. రెండో తిప్పుకి ఇంజిను వెనక్కి తన్నింది. అతను ఎగిరి టైర్ల మీద పడ్డాడు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు లేదు…" అంటూ లేచాడు. లేచి, అక్కడే ఆగిపోయాడు.

హ్యాండిల్ తిరుగుతోంది.

ఇంజిను అంటుకోలేదు. పొగ లేదు, చప్పుడు లేదు. హ్యాండిల్ మాత్రం తిరుగుతోంది. ఎవరో చేత్తో పట్టుకుని తిప్పుతున్నట్టు… మెల్లిగా… కుడి నుంచి ఎడమకి. సీటు వెనకాల పంపు మళ్ళీ మొదలైంది. టిక్… టిక్… టిక్…

తాళం కట్టేశాను. ఆగలేదు.

సరే, ఎక్కడో షార్టు అయ్యుంటుందనుకున్నాను. అనుకోక ఏం చేస్తాను, నా పనే అది. దిగి వెళ్ళి బ్యాటరీ తీగ ఊడబీకాను. టిక్… టిక్… తీగ నా చేతిలో ఉంది. రెండో తీగ కూడా పీకేశాను. బ్యాటరీని ఎత్తి నేల మీద పెట్టేశాను. టెస్టింగ్ బల్బు తీసి పంపు తీగకి ఆనించాను.

బల్బు వెలిగింది.

బండిలో బ్యాటరీ లేదు… బల్బు వెలుగుతోంది… హ్యాండిల్ తిరుగుతోంది. పెట్రోలు వాసన రావడం లేదు. పంపులోంచి ఉప్పునీళ్ళ వాసన వస్తోంది, కుళ్ళిన వలల వాసన.

"టైటస్, దాని దగ్గరికి వెళ్ళకు."

"పీకి పారేస్తే సరి" అన్నాడు. వంగాడు.

చెమటకి తడిసిన అతని చొక్కా చేతిని హ్యాండిల్ అందుకుంది. ఒక చుట్టు చుట్టింది. ఇంకో చుట్టు. మోచేయి కింద ఎముక పటుక్కున విరిగింది. వాన మోతలో కూడా నాకు వినపడింది. టైటస్ అరుపు మధ్యలోనే ఆగిపోయింది, ఎందుకంటే అది అతన్ని కిందికి లాగి మొహాన్ని బండి ముందరి కమ్మీలకేసి కొట్టింది. పళ్ళు రాలాయి. మళ్ళీ తిరిగింది. మళ్ళీ కొట్టింది.

నేను పరిగెత్తి అతని ఎడమచెయ్యి పట్టుకున్నాను. కాళ్ళు బంపరుకి తన్నిపెట్టి లాగాను. ఒక్క అంగుళం రాలేదు. చొక్కా చింపబోతే చినగలేదు. నెత్తురు నా మోకాళ్ళ మీద కారుతోంది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఈ మనిషి లేకపోతే నేనేమైపోతాను ప్రభువా, చెయ్యి తీసుకో, కాలు తీసుకో, ప్రాణం ఒక్కటి వదిలిపెట్టు అని ఏడుస్తూ లాగుతున్నాను.

గుమ్మం దగ్గర్నుంచి బతిమాలుతున్నట్టు ఒక గొంతు వినిపించింది.

"అన్నా… ఆయన్ని ఒగ్గీ… ఆయన నిన్నేటి సేసాడు…"

శివాజీ. హ్యాండిల్ కేసి చూస్తూ చేతులు జోడించి ఉన్నాడు.

"ఎవరితోరా మాట్లాడుతున్నావు?"

"మూడుసార్లు సముద్రంలో ఇసిరీసాను దీదీ… మూడుసార్లూ మళ్ళీ పడవలోనే ఉంది…"

నాకు అర్థమైంది. కోసెయ్ కోసెయ్ అని ఎందుకు గొడవ చేశాడో, పెయింటు ఎందుకు వెయ్యమన్నాడో అంతా అర్థమైంది.

"దీంతోనే కొట్టావా మీ అన్నని?"

"పడవ అమ్మేత్తానన్నాడు… కోపమొచ్చేసింది… ఒక్క దెబ్బే దీదీ, ఒట్టు. నీళ్ళలో పడ్డాక బతికే ఉన్నాడు. సెయ్యి పైకెత్తాడు… పట్టుకోరా తమ్ముడా అన్నాడు…" శివాజీ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "నాను పట్టుకోలేదు."

హ్యాండిల్ ఒక్క క్షణం ఆగింది. తర్వాత జోరందుకుంది. టైటస్ భుజం కూడా మెలి తిరుగుతోంది. శివాజీ వెనక్కి తిరిగి వానలోకి పరిగెత్తాడు.

అప్పుడు నేను టైటస్ చెయ్యి వదిలేశాను.

వదిలి, వాడి వెనక పరిగెత్తాను. గేటు దగ్గర బురదలో కాలు జారి పడ్డాడు. జుట్టు పట్టుకున్నాను. నా చెయ్యి కొరికాడు, మచ్చ ఇప్పటికీ ఉంది. వదల్లేదు. నాకంత బలం ఎక్కడిదో నాకే తెలీదు. "దీదీ, వద్దు దీదీ, నీ తమ్ముణ్ణనుకో" అని ఏడుస్తుంటే ఈడ్చుకొచ్చాను. "చెయ్యి అడిగినవాడు నిన్ను అడుగుతున్నాడురా, నా మొగుణ్ణి కాదు!" అని అరిచి, రెండు చేతులతో ఆ కారు ముక్కు మీదకి తోశాను.

హ్యాండిల్ నుంచి చొక్కా దానంతటదే ఊడింది. టైటస్ పక్కకి ఒరిగిపోయాడు. హ్యాండిల్ శివాజీని అందుకుంది.

మొదటి దెబ్బకి దవడ పోయింది. రెండో దెబ్బ కణత మీద పడింది. లేవబోయాడు, మూడోది నడినెత్తి మీద పడింది. నాలుగు, ఐదు… ఆపైన నేను లెక్కపెట్టలేదు. కాళ్ళు కొట్టుకోవడం ఆగిపోయాక కూడా అది తిరుగుతూనే ఉంది. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్తున్నాను, నాకు జాలి కలగలేదు. టైటస్‌ని వదిలింది, అంతే చాలనుకున్నాను. ఆ పాపం నాది.

టిక్… టిక్… ఆగింది. వాన మోత ఒక్కటే మిగిలింది.

పోలీసులు వచ్చారు, చూశారు. ఇంజిను వెనక్కి తంతే హ్యాండిల్ మనిషిని చంపగలదని వాళ్ళకీ తెలుసు. ప్రమాదమని రాసుకున్నారు. నా చేతి మీద పళ్ళగాట్లేంటని ఒక ఎస్సై గుచ్చి గుచ్చి అడిగాడు. హాస్పిటల్లో మంచం మీదున్న టైటస్, మూతి నిండా కుట్లతోనే చెప్పాడు: "మా ఆవిడకేం సంబంధం లేదు సార్. అంతసేపూ నా చెయ్యి పట్టుకుని నా పక్కనే ఉంది." ఆ మాటతో వదిలేశారు. పద్మిని పెళ్ళి మామూలు కార్లోనే జరిగింది. ఎర్రకారుని గురునాథం గారు తీసుకెళ్ళి కొత్త మోటారు వేయించుకున్నారు. బాగానే నడుస్తోందట.

ఇంటికొచ్చిన రాత్రి టైటస్‌కి గంజి తాగిస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. పొరపాటున కూడా అబద్ధమాడని మనిషి.

"నా కోసం పోలీసుల ముందు అబద్ధమాడావుగా" అన్నాను.

"అబద్ధమేంటి?"

"నీ చెయ్యి వదల్లేదని చెప్పావుగా."

అతను వింతగా చూశాడు. "వదల్లేదుగా కేథీ. అది శివాజీని కొడుతున్నంతసేపూ పట్టుకునే ఉన్నావు. నేను కళ్ళు తెరవలేకపోయాను గానీ, చెయ్యి తెలుస్తూనే ఉంది. వానకి నానిపోయి, ఐసుగడ్డలా… ఎంత గట్టిగా పట్టుకున్నావో. వేళ్ళు నొప్పెట్టి, కొంచెం వదులు అన్నా వినలేదు నువ్వు."

గిన్నె నా చేతిలోంచి జారిపోయింది. చెయ్యి వదిలేసి వెళ్ళానని ఎలా చెప్పను? చర్చిలో అతనికి ప్రార్థన నూనె రాయించాను. ఉపవాసాలున్నాను. చివరికి దేముడమ్మ ఇంటికి కూడా వెళ్ళి జరిగింది చెప్పి, కాళ్ళ మీద పడ్డాను. ఆమె అంతా విని, ఏడ్చి, "అయితే నా మొగుడికి దొరికినాదన్నమాట సెయ్యి" అని తలుపేసుకుంది.

మొన్న ఆదివారం సాయంత్రం మళ్ళీ కరెంటు పోయింది. టైటస్ ముందుగదిలో మంచం మీద పడుకుని ఉన్నాడు. కుడిచేతి కట్టు విప్పేశారు, నెమ్మదిగా నయమవుతోంది. నేను వంటింట్లో కొవ్వొత్తి వెలిగించుకుని చపాతీ పిండి కలుపుతున్నాను.

"కేథీ…" మెల్లిగా పిలిచాడు.

"ఏంటయ్యా?"

"కొంచెం వదులుగా పట్టుకో. నొప్పెడుతోంది."

నేను వంటింట్లోనే ఉన్నాను. నా రెండు చేతులూ పిండిలో ఉన్నాయి.