సత్యవేణి నడివలస

పొద్దున్న పదిన్నరకు సత్యవేణిని పాత యంత్రం మీంచి కొత్త యంత్రం మీదికి తరలిస్తుంటే, ఆవిడ చింతచిగురు పప్పు గురించి మేనకోడలు రోహిణితో వాదిస్తోంది. సత్యవేణి పోయి ఆరేళ్లయింది. కాకినాడ చేతనాలయంలో ఉన్న వేలమందిలాగే ఆవిడ మనసు కూడా యంత్రంలో బతుకుతోంది. పాత యంత్రాలు అరిగిపోయాయి. కొత్తవాటి కట్టుబడే వేరు, అవి అర్థంచేసుకునే భాషే వేరు. మనసును నిద్రపుచ్చకుండా, మాట మధ్యలో ఆపకుండా ఇటు మార్చడాన్ని నడివలస అనేవారు.

నడివలస సాగినంతసేపూ ఇంటివాళ్లెవరో ఒకరు మాట్లాడుతూనే ఉండాలని నియమం. దాని పేరు సాక్షిమాట. అసలు అందుకు కూర్చోవలసింది భర్త తాతబ్బాయి. ఆయనకు చిన్నప్పటి నుంచీ గట్టి నత్తి. "మీకెందుకండీ ఇబ్బంది, రోహిణిని కూర్చోబెట్టండి" అని పరీక్షాధికారి దీవెనే ఆయన్ని తప్పించింది. పెద్దాయన మీద జాలిపడ్డాననుకుంది. నిజానికి ఆయన మాట ముగిసేదాకా కూర్చునే ఓపిక ఆమెకు లేదు.

మనసు చెక్కుచెదరకుండా వచ్చిందో లేదో చూడటానికి దీవెన అడిగిన మూడువందల ప్రశ్నలకూ సరైన జవాబులొచ్చాయి. పదకొండింటికి పాత యంత్రానికి కరెంటు తీసి, విప్పదీయడానికి పంపేశారు.

మధ్యాహ్నం తాతబ్బాయి వచ్చి, భార్య మొహం కనబడే తెర ముందు కూర్చున్నాడు. అలసిపోయావా అని అడగబోయాడు.

"అ... అ..."

"అన్నం తిన్నానంటారా? మంచిదండీ" అంది సత్యవేణి.

ఆయన నిర్ఘాంతపోయాడు. నలభై మూడేళ్ల కాపురంలో ఆవిడ ఒక్కనాడూ ఆయన నోటి మాట అందుకోలేదు. పెళ్లిచూపుల్లో ఆయన తన పేరు చెప్పడానికి తంటాలు పడుతుంటే, చుట్టాలంతా పోటీలుపడి అందించబోయారు. ఆవిడ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని నిమ్మళంగా కూర్చుంది. ఆ కూర్చోవడం చూసే ఆయన సంబంధానికి ఒప్పుకున్నాడు.

దీవెనకు విషయం అర్థమైంది. కొత్త యంత్రంలో మనసు అరవై రెట్లు వేగంగా నడుస్తుంది. మనకు సెకను, ఆవిడకు నిమిషం. అందుకే ఎదుటివాళ్ల మాటల్ని మాటకూర్పరి అనే పరికరం పోగుచేసి, వాక్యం ముగిశాక ఒక్కసారిగా అందిస్తుంది. అందాకా ఆవిడ మగతలో ఉంటుంది. కానీ రెండు సెకన్లు మౌనం వస్తే చాలు, వాక్యం అయిపోయిందనుకుని లేపేస్తుంది. ఆ గడువు యంత్రంలోనే చెక్కేశారు, మార్చే వీల్లేదు. గడగడా మాట్లాడే రోహిణి దగ్గర ఈ సంగతి బయటపడే అవకాశమే లేకపోయింది.

దీవెన ఈ సంగతంతా చెప్పగానే తాతబ్బాయి ఆమె వైపు తిరిగాడు. "వె... వెనక్కి... పా... పా..."

"పాతదాన్లోకి పంపలేరా అంటున్నారమ్మా" అంది సత్యవేణి తెరలోంచి.

"లేదండీ. ఇటు రావడమే పరీక్షించాం. అటు వెళ్లాల్సొస్తుందని ఎవరం అనుకోలేదు. ఆ యంత్రం కూడా లేదిప్పుడు." దీవెన తల దించుకుంది. "తప్పు నాదేనండీ."

సత్యవేణి భర్త వైపు చూసింది. "మీరు ఓ అక్షరమని ఆగితే, నేను అరగంట ఒంటరిగా కూర్చున్నట్టుంటందండీ. ఎల్లిపోయారేమోనని భయమేసి ఏదోటి అనేత్తన్నాను. ఈసారి ఆగుతాను. ఒట్టు. రేపు ఎన్నింటికొత్తారు?"

తాతబ్బాయి నోరు తెరిచాడు. మొదటి అక్షరం దగ్గరే మాట బిగుసుకుపోయింది. మెడనరాలు ఉబ్బాయి. దీవెన గడియారం వైపు చూసింది. ముప్ఫై సెకన్లు. నలభై. అందించాలని నాలుక చివరిదాకా వచ్చినా పళ్లు బిగబట్టింది. అరవై ఐదు. సత్యవేణి లెక్కలో గంట దాటిపోయింది. అయినా ఆవిడ పెదవి కదపలేదు.

"తొ... తొమ్మిదింటికి!" అన్నాడాయన. చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

సత్యవేణి కూడా నవ్వింది. మాట తప్పకుండా ఆగినందుకు ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"ఏంటండీ తొమ్మిదింటికి? నేనేం అడిగాను?" అంది.