ఆగమనే ప్రొటీన్

"ఓలమ్మో, నా చార్టు!"

పూండి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కిన జయకర్ వానలో తడిసిన జీడిగింజల గోనెను సరిగ్గా నిస్సీ చార్టు మీదే దింపాడు. ఆమె పలాసలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతుంది. వారమంతా కూర్చుని వేసిన బొమ్మ రంగులు కారిపోయింది.

"సారీ అండీ. ఇంతకీ ఇదేటి, సిక్కుపడిన వలా?"

"వల కాదు, పీ ఫిఫ్టీత్రీ. మన కణాల్లో ఉండే ప్రొటీన్."

"ఏటి సేత్తాది?"

"కణం రెండయ్యే ముందు దెబ్బుందేటోనని సూత్తాది. ఉంటే కొన్ని జీన్లని లేపి, ఆగమంటాది. బాగు సేసుకోమంటాది. బాగవ్వకపోతే సచ్చిపొమ్మంటాది, పక్కవోటికి హాని కాకుండా."

"అమ్మో! మా మిల్లు మేస్త్రీయే నయం!"

కోపంగా ఉందామనుకుంది గానీ నవ్వొచ్చేసింది. పలాస వచ్చేసరికి చెరో కొసా పట్టుకుని చార్టు ఆరబెడుతున్నారు. ఆ తర్వాత రోజూ అదే బండి, అదే పెట్టె. "ఏటి మేడమ్, మీ ప్రొటీన్ కులాసాయేనా?" అని అతను అడగకపోతే ఆమెకు తెల్లారినట్టే ఉండేది కాదు.

ఇద్దరికీ పెళ్లి కుదిరింది. చర్చిలో వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. మూడోసారి చదివి, "అభ్యంతరమున్నవారు చెప్పవచ్చు" అని పాస్టరుగారు అలవాటుగా ఆగారు. ఎవరూ లేవరని అందరికీ తెలుసు.

మగవాళ్ల వైపు నుంచి జయకర్ లేచాడు.

"నాకుందండి."

వేళాకోళమనుకుని అందరూ నవ్వారు.

"క్రియాటినిన్ ఎక్కువొచ్చిందండి. మా నాన్న పోయింది దీంతోనే."

నవ్వులు ఆగిపోయాయి. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు.

"దెబ్బున్నది ఆగాల, నిస్సీ. నువ్వే సెప్పినావు గదా."

ఆ పాఠం ఎందుకు చెప్పానా అని నిస్సీ గుండె చెరువైంది. అయినా లేచింది. "బాగు సేసుకోడానికే ముందు ఆగమంటాది. ఆ ముక్క ఒగ్గేసినావు."

"ఇది బాగయ్యే జబ్బు కాదు."

పక్కనున్న జయకర్ తల్లి దయామణి నిస్సీ కొంగు పట్టి లాగింది. "కూకో తల్లీ. నా బతుకు సూసినావు గదా."

"అత్తా, మావకిలాగవుద్దని ముందే తెలిస్తే సేసుకోకుండా ఉందువా?"

దయామణి కొడుకు వైపు చూసింది. కన్నీళ్లు జలజలా రాలాయి. చేసుకునేదాన్నే అన్నట్టు తల ఊపింది. తర్వాత ముసుగు సర్దుకుని లేచింది.

"అయ్యగారూ, మల్లీ సదవండి. మా వోడి అబ్యంతరం నానొప్పుకోను."

జయకర్ నిలబడే ఏడ్చాడు. పాస్టరుగారు రెండు పేర్లూ మళ్లీ చదివారు. నిస్సీ కళ్లు తుడుచుకోకుండా విన్నది. తమకింకా ఎన్నాళ్లుందని మాత్రం ఎవరినీ అడగలేదు.