తడిగుడ్డలో కమేలియా మొగ్గలు

"అయ్యబాబోయ్! ఏం పని చేశారండీ!"

తోట పైపు చేతిలోంచి జారిపోయి నీళ్ళు చెప్పుల మీదుగా పారుతున్నా రమేష్‌బాబుకి ఆ ధ్యాసే లేదు. వంటింటి గుమ్మంలో కూర్చున్న రెడ్డెమ్మ ఒళ్ళోకే చూస్తున్నాడు. ఆమె ఒళ్ళో తడిగుడ్డ, దాన్నిండా ఉసిరికాయలంతేసి మొగ్గలు, పక్కన దారపుండ.

"ఏందిబ్బా అట్లా అరుస్తావు? పూలు కట్టుకుంటాండా. ఈ దేశమొచ్చినాక తల్లో పువ్వు పెట్టుకునిందే లేదు. మాపటికి విచ్చుకుంటాయిలే."

"విచ్చుకోవండీ! ఇవేమన్నా మల్లెమొగ్గలా? కమేలియాలండీ బాబూ. చెట్టునుంటేనే పూస్తాయి. ఇంటావిడ మామా వీటికోసం ఎండాకాలం నించీ కాచుకూర్చుందండి."

రెడ్డెమ్మ ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

తప్పు ఆమెదీ కాదు. రాయచోటి దగ్గర వాళ్ళూళ్ళో వాళ్ళమ్మ పొద్దు వాలేవేళ మల్లెమొగ్గలు కోసి తడిగుడ్డలో వేసేది. దీపం పెట్టేసరికి ఇల్లంతా ఘుమఘుమలాడేది. ఆ వాసన తలుచుకోని సాయంత్రం కువైట్‌లో రెడ్డెమ్మకి లేదు. కోస్తే విచ్చుకోని మొగ్గలు కూడా ఉంటాయని ఆమెకెవరు చెప్పారు?

అబూ హలీఫాలోని ఆ ఇంట్లో ఆమె పనిమనిషి, రమేష్‌బాబు తోటమాలి. చలికాలంలో పూసి, వాసన కూడా ఇచ్చే కమేలియా ఉంటుందని విని, పనివాళ్ళంతా మామా అని పిలిచే ఇంటావిడ దాన్ని ఎక్కడినుంచో విమానంలో తెప్పించింది. కడియం నర్సరీల్లో పుట్టి పెరిగిన రమేష్‌బాబు ఉత్తరపు గోడ నీడన దాన్ని చంటిపిల్లలా సాకాడు.

ఆ సాయంత్రం మామా వచ్చి బోసిగా ఉన్న చెట్టు చూసి నిలువునా మండిపడింది.

"పురుగు పట్టింది మామా, నేనే తుంచేశాను," అన్నాడు రమేష్‌బాబు.

రెడ్డెమ్మ నిజం చెప్పబోయింది. అప్పటికే మామా "ఖలాస్!" అనేసింది. మర్నాడే అతణ్ణి దూరాన వఫ్రాలో తన తమ్ముడి పొలానికి, టమాటాలూ దోసకాయల మధ్యకి పంపించేసింది.

బండెక్కేముందు అతను చెప్పింది ఒక్కటే. "పైపు నీళ్ళల్లో ఉప్పుంటదండి, దానికి పడదు. ఏసీ కారిన నీళ్ళు బకెట్లో పట్టి పోయండి. ఎండ తగలనివ్వకండేం."

తిట్టలేదు, కనీసం చిన్నబుచ్చుకోలేదు. అదే రెడ్డెమ్మని కుదురుగా ఉండనివ్వలేదు. ఎండాకాలమంతా ఏసీ గొట్టాల కింద బకెట్లు మారుస్తూనే ఉంది. పనయ్యాక అతనికి ఫోను.

"నీళ్ళు పోశారాండీ?"

"పోసినా. నీవు తిన్యావా?"

"తిన్నానండి. ఆకులెలా ఉన్నాయండీ?"

"ఆకులు బాగుండాయి. నేనెట్లుండానో అడగవా?"

"అడగాలనే ఉంటదండి. ఆయ్."

"ఆ ఆయ్ ఏందిబ్బా!" అని పకపకా నవ్వింది రెడ్డెమ్మ. నవ్వాక ఎందుకో కళ్ళు తుడుచుకుంది.

ఒకరోజు అతను తెల్లారగట్ల కడియంలో తడిసిన మట్టి వాసన గురించి చెప్పాడు. ఆమె వాళ్ళమ్మ వేళ్ళ గురించి చెప్పింది, చూడకుండానే మాల కట్టేస్తాయని. కువైట్‌లో తెలుగు మగవాళ్ళందర్నీ ఆమె అన్నా అనే పిలుస్తుంది. ఇతణ్ణి మాత్రం ఒక్కసారి కూడా అలా పిలవలేదు. ఆ సంగతి గమనించుకున్న రోజు కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది.

మళ్ళీ చలి వచ్చింది. మొగ్గలూ వచ్చాయి. ఆ ముచ్చట చెబుదామని ఫోన్ చేస్తే అతని గొంతు నీరసంగా ఉంది.

"ఇక్కడుండనిచ్చే నా ఇఖామా గడువు అయిపోతోందండి. మామా తమ్ముడుగారు రెన్యూ చేయరంట. మొక్కకి పురుగు పట్టినా చూసుకోలేనోడు మనకెందుకన్నారంట. వచ్చే వారం ఇంటికెళ్ళిపోతానండి."

మర్నాడు పొద్దున సన్నగా వాన. గోడ నీడన మొదటి కమేలియా విచ్చుకుంది, లేత గులాబీ రంగులో. మామా వంగి వాసన చూసి కళ్ళు మూసుకుంది. దగ్గరికెళ్తే తప్ప తెలియని తీపి వాసన.

ఇప్పుడు చెబితే తన పని పోవచ్చు. చెప్పకపోతే అతను పోతాడు. రెడ్డెమ్మ కొంగు బిగించింది.

"మామా, పోయినేడు పురుగు లేదు. నేను." వచ్చిన అరబీ చాలక, మొగ్గలు కోసినట్టు, మాల కట్టినట్టు, జడలో పెట్టుకున్నట్టు చేతుల్తో చూపించింది. "నన్ను పంపించెయ్. అతన్ని పంపొద్దు."

మామా ఆమె జడ వంక చూసింది. "మరి జడలో పెట్టుకున్నావా?"

"లేదు మామా. అవి విచ్చుకోలేదు."

మామా ఫక్కున నవ్వింది. "చిన్నప్పుడు మా అమ్మ నా దిండు కింద మల్లెమొగ్గలు పెట్టేది," అంది, గొంతు తగ్గించి. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి, ఆ తోటమాలి ఇఖామా సంగతి తను చూసుకుంటానంది. "యల్లా, వాణ్ణి ఇవాళే పంపించు."

సాయంత్రం రమేష్‌బాబు బండి దిగుతూనే చెట్టు వైపు పరిగెత్తాడు. పువ్వు లేదు.

"అయ్యబాబోయ్! మళ్ళీ కోసేశారాండీ?"

వెనక నిలబడ్డ రెడ్డెమ్మ మాట్లాడకుండా జడ ముందుకేసుకుంది. కమేలియా అక్కడుంది, పిన్నుతో గుచ్చి. "మామానే కోసి ఇచ్చింది. విచ్చుకున్నాకే."

రమేష్‌బాబు చెప్పులవంక చూసుకుంటూ గొణిగాడు. "కడియంలో మల్లెతోటలున్నాయండి. పెళ్ళికి బుట్టలకొద్దీ తెప్పిస్తానండి. ఎవరు కడతారో ఏంటో మరి."

"నేనే కడతా," అంది రెడ్డెమ్మ. "మొగ్గలు మాత్రం నీవే కోసియ్యి."